ఎడమవైపు చూడని పెళ్ళికొడుకు

"నేను నచ్చకపోతే కబురు పెడితే సరిపోయేదిగా? ఆరాధన అయ్యేదాకా గోడకేసి చూస్తూ కూర్చోవడం దేనికండీ?"

చర్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న నతానియేలు ఆ గొంతుకి ఒళ్ళు మరిచి ఎడమవైపు తల తిప్పాడు. అంతే, చర్చి, చింతచెట్టు, జాస్మిన్ అన్నీ గిర్రున తిరిగాయి. వెళ్ళి చెప్పుల కుప్ప మీద కూలబడ్డాడు.

జాస్మిన్‌ది కనిగిరి. అక్కడి సువార్త కూటాల్లో ఆమె పాట విన్న రోజు నుంచీ ఇతగాడికి అన్నం సహించడం లేదు. పట్టుబట్టి సంబంధం అడిగించాడు. వాళ్ళలో పెళ్ళిచూపులంటే కాఫీలూ టిఫిన్లూ ఉండవు. అమ్మాయి తరఫువాళ్ళు ఆదివారం అబ్బాయి వాళ్ళ చర్చికొస్తారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. ప్రసంగం మధ్యలో అబ్బాయి ఒక్కసారి అటు చూస్తే ఇష్టమున్నట్టు. చూడకపోతే లేనట్టు.

ఇతను చూడలేదు. జాస్మిన్ మేనత్త ఎలీసమ్మ ఊరుకునే మనిషి కాదు. సాయంత్రానికల్లా ఒంగోలు సంబంధానికి సరేననేస్తానని చెప్పి, గేటు దగ్గర ఆటో ఎక్కి కూర్చుంది.

"ఇదేం యాక్టింగ్?" అంది జాస్మిన్. కానీ అతని మొహం పాలిపోవడం చూసి గొంతు తగ్గించింది. "ఏమైందండీ?"

తల నిటారుగా పెట్టుకుని అతను ఉన్నదంతా చెప్పేశాడు. ట్రాక్టర్ రివర్స్ చేస్తూ వెనక్కి చూసినప్పుడు మొదటిసారి తూలాడట. మెడ ఎడమకి తిప్పితే మెదడుకి వెళ్ళే రక్తనాళం నొక్కుకుపోతోందనీ, రక్తం తగ్గి కళ్ళు తిరుగుతున్నాయనీ బ్రాడీపేట డాక్టరు చెప్పాడట. చిన్న ఆపరేషన్‌తో నయం కావచ్చట, అందాకా అటు తిప్పొద్దన్నాడట. సంబంధం కుదిరేదాకా ఈ సంగతి బయటపెట్టొద్దని అమ్మ ఒట్టేయించుకుందట.

"మెడ తిప్పకపోతే మానె, ఒళ్ళంతా తిప్పి చూడొచ్చుగా?"

"ఆడవాళ్ళ వైపు ఒళ్ళంతా తిప్పుక్కూర్చుంటే, మా నాన్న ప్రార్థన మధ్యలో లేచి చెప్పు కోసం బయటికొచ్చేవాడండి."

ఆమెకి నవ్వొచ్చింది. దాన్ని పెదాల కింద దాచుకుంది.

"మరి ఇందాక ఎందుకు తిప్పారు?"

"మీరు పిలిచారుగా. డాక్టరు మాట గుర్తు రాలేదు." తల దించుకుని అన్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఇదంతా విన్నాక వద్దంటే మాత్రం తప్పు పట్టను."

ఆటోలోంచి ఎలీసమ్మ రెండోసారి కేకేసింది. జాస్మిన్ కదల్లేదు. ఆమె ఆలోచిస్తున్నంతసేపూ నతానియేలుకి తల తిప్పకుండానే కళ్ళు తిరిగినంత పనైంది.

ఆమె మెల్లగా నడిచి వచ్చి, సరిగ్గా అతని ముక్కుకి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చూడండి."

చూశాడు. కళ్ళార్పకుండా, ఆమె బుగ్గలు కందేదాకా చూశాడు. లోకం ఎక్కడిదక్కడే నిలబడింది.

జాస్మిన్ అక్కడి నుంచి కదలకుండానే గేటు వైపు గొంతెత్తింది.

"అత్తా, ఒంగోలు వాళ్ళకి ఫోన్ చెయ్యొద్దు. ఈయన చూశారు."