ముందు సీటు

"మీరు బాగుచేస్తున్నది పడవనా, నా తలకాయనా?"

వెనక నుంచి వచ్చిన ఆ ప్రశ్నకి అతని చేతిలో సుత్తి గాల్లోనే ఆగిపోయింది. తిరిగి చూస్తే పెరటి గుమ్మం దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. జుట్టు చెదిరిపోయి, కళ్లు ఎర్రబడి, చెవుల్లో దూది పెట్టుకుని ఉంది. పక్కింటి మేడ మీది గదిలో కొత్తగా దిగిన అమ్మాయే అని పోల్చుకున్నాడు.

"తెల్లారింది కదండీ. అందరూ లేచే వేళేగా అని..."

"అందరూ లేచే వేళకే నేను పడుకుంటాను. బస్టాండులో రాత్రి డ్యూటీ నాది. రాత్రంతా బస్సుల హారన్లు, పొద్దున్నే మీ సుత్తి. ఇంకా ఎంతకాలం ఈ గోల?"

అతను నిజాయితీగా ఆలోచించి చెప్పాడు. "ఇలాగే సాగితే ఇంకో ఏడాది పట్టొచ్చండి."

తిట్టడానికి వచ్చిన మనిషికి ఇలాంటి జవాబు చెబితే తిట్టేదెలా? ఆమె కాసేపు అతన్నీ, కాసేపు అతని వెనకున్న దాన్నీ చూసింది. రెండు చెక్క స్టాండ్ల మీద ఒక పాత అల్యూమినియం పడవ బోర్లా పడుకుని ఉంది. చేపలు పట్టుకునే చిన్న పడవ. రంగు పెచ్చులూడింది. రేకుల్ని కలిపి పట్టుకునే రివెట్లు సగం వదులైపోయాయి.

రివెట్ అనేది చూడ్డానికి పొట్టి మేకులా ఉంటుంది గానీ, దాని పట్టుదల వేరు. బయట నుంచి కన్నంలో దూర్చి తల మీద కొడుతుంటే, లోపలి వైపు ఎవరైనా బరువైన ఇనుప దిమ్మని అదిమి పట్టుకోవాలి. అప్పుడే తోక నలిగి రేకుని గట్టిగా పట్టుకుంటుంది. అంటే ఇద్దరు కావాలి. అతనేమో ఒక్కడు. ఇటుకలు పేర్చి, వాటి మీద దిమ్మ ఆనించి కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా ఇటుకలు కూలిపోతున్నాయి, రివెట్ వంకరపోతోంది, దాన్ని పెరికి మళ్లీ మొదలుపెడుతున్నాడు.

"కూలికి ఎవర్నైనా పెట్టుకోవచ్చుగా?"

"ఉన్నదంతా రివెట్లకీ జిగురుకీ సరిపోయిందండి."

"పోనీ, స్నేహితులు?"

అతను కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. ఆమెకి అర్థమైపోయింది. ఆ ప్రశ్నకి జవాబు లేకపోవడం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"ఆ దిమ్మ ఇలా ఇవ్వండి," అంది విసుగ్గా. "నా నిద్ర కోసం పట్టుకుంటున్నాను. మీ కోసం కాదు."

దిమ్మ తీసుకుని పడవ కింద దూరింది. లోపల ఒక్క దెబ్బ పడేసరికి గుడి గంటలో తల పెట్టినట్టయింది. మళ్లీ బయటికి తల పెట్టి, "ఇందులో మీ మాట నాకు వినబడదు. రివెట్ తోక మీకు కనబడదు. కాబట్టి నేను దిమ్మతో తడతాను. ఒక్కసారి తడితే చాల్లేదని, ఇంకా కొట్టమని. రెండుసార్లు తడితే సరిగ్గా కూర్చుందని. మూడుసార్లు తడితే పాడైందని, పెరికి మళ్లీ మొదలుపెట్టమని. బుర్రకెక్కిందా?" అంది.

ఎక్కింది. ఆ పొద్దున అతని రివెట్లు మొదటిసారి బుద్ధిగా కూర్చున్నాయి.

*

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. డ్యూటీ దిగి సరాసరి పెరట్లోకి రావడం, దూది పెట్టుకోవడం, పడవ కింద దూరడం. కాసేపయ్యాక ఆమె నిద్రకి, అతను షాపుకి.

అతనిది కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. వెనక గది, ఒక మిషను, ఒక ట్యూబ్ లైటు. ఇంట్లో కూడా ఒక్కడే. చిన్నప్పటి నుంచి పెంచిన మేనమామ పోయినేడు కన్నుమూశాడు. అప్పటి నుంచి అతనికి ఒక మాట నోటికి అలవాటైపోయింది. రొట్టె కొన్నా, గుడ్డు కొన్నా, కొట్టువాడు "ఎన్ని?" అనగానే "ఒకటి చాలండి" అనేవాడు. రోజు మొత్తంలో అతను మాట్లాడిన మాటలు లెక్కేస్తే అదే ఎక్కువసార్లు వచ్చేది.

ఒక పొద్దున వాన పట్టుకుంది. చినుకులకి చెప్పాపెట్టకుండా జల్లు తోడైంది. అతను సుత్తి పట్టుకుని నిలువునా తడుస్తుంటే, పడవ కింద నుంచి చెయ్యి ఒకటి బయటికి వచ్చి రమ్మంది.

"బయట నిలబడి ఎవర్ని ఉద్ధరిస్తారు? లోపలికి రండి."

దూరాడు. ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పైన రేకు మీద వాన చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఇంకా రివెట్లు పడని కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు ఆమె బుగ్గ మీద, ముక్కు మీద పడుతున్నాయి. అతను చూపు తిప్పుకోవాలనుకున్నాడు. వీలు కాలేదు.

"అలా చూస్తారేంటి? నా కళ్లకి పవర్ కొలుస్తున్నారా?"

"లేదండీ. మీ గొంతు ఎక్కడో విన్నట్టుందని..."

"వినే ఉంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో మైకులో చెప్పేది నేనే. రాత్రుళ్లు ఎంతమందికి చెప్తానో. తిరిగి నాతో ఒక్కరూ మాట్లాడరు. మైకుతో ఎవరు మాట్లాడతారు?" నవ్వుతూనే అంది గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది.

"నా పనీ అంతేనండి. షాపుకొచ్చేవాళ్లకి అద్దాలు తయారయ్యేదాకా నేను సరిగ్గా కనబడను. తయారయ్యాక వాళ్లు ఉండరు."

ఈసారి ఆమె నిజంగా నవ్వింది. అతనికి చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఈ పడవలో ఎంతమంది పడతారు?" అని అడిగింది.

"ఇద్దరం వెళ్లేవాళ్లం. మామయ్య వెనక కూర్చుని తెడ్డు వేసేవాడు. నేను ముందు. పెద్దగా చేపలేం పడేవి కావు. చెరువు మధ్యకి వెళ్లి కూర్చునేవాళ్లం, అంతే."

"ముందు కూర్చుంటే ఏం కనబడుతుంది?"

"నీళ్లేనండి. కాకపోతే అందరికంటే ముందు మనమే చూస్తాం."

"అయితే ఒకసారి చూడాలి," అంది ఆమె మెల్లగా. వాన చప్పుడులో ఆ మాట వినబడింది గానీ, మన మొద్దబ్బాయికి దాని బరువు తెలియలేదు.

*

రివెట్లన్నీ అయ్యాయి. అతుకులకి జిగురు రాశాడు. పడవని ఇద్దరూ కలిసి తిరగేశారు. పుచ్చిపోయిన పాత సీట్లు ఎప్పుడో పీకేశాడు. కొత్త పలక కొందామంటే ధర విని గుండె గుభేలుమంది. బేరమాడి, ఒక సీటుకి సరిపడా ముక్క తెచ్చి వెనక వైపు బిగించాడు.

మర్నాడు ఆమె హుషారుగా వచ్చింది. పడవలోకి తొంగి చూసి ఆగిపోయింది.

"సీటు ఒకటేనా?"

"ఒకటి చాలండి. నేనొక్కడినేగా."

ఆ మాట అతను అన్నాడని చెప్పడం కంటే, అలవాటు అతని నోట్లోంచి అంది అని చెప్పడం న్యాయం. కానీ వినే మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆమె చెవుల్లోంచి దూది తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"నిజమే. ఇంక నాతో పని లేదుగా. హాయిగా నిద్రపోతాను," అని వెళ్లిపోయింది.

నిద్ర చాలక అలా ఉందేమో అనుకున్నాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పొద్దున్నే లేచి పెరట్లో ఊరికే కూర్చునేవాడు. సుత్తి చప్పుడు లేకపోతే ఆ పెరడు ఇంత పెద్దదా అనిపించేది.

ఒకరోజు పక్కింటావిడ గోడ మీంచి పలకరించింది. "ఏమయ్యా కళ్లద్దాలూ, మా మేడ మీది గది నెలాఖరుకి ఖాళీ అవుతోంది. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పు."

"ఆవిడ వెళ్లిపోతున్నారా? ఎందుకండీ?"

"సుత్తి గోల ఆగిందిగా, ఇంకేం కష్టమొచ్చిందే అంటే ఉలకదు, పలకదు. మీ పెరట్లోకి అన్ని రోజులు వచ్చింది. నీకు తెలియాలి గానీ నన్నడుగుతావేం?"

అతను వెళ్లి పడవలో కూర్చున్నాడు, ఉన్న ఆ ఒక్క సీటు మీద. అది మామయ్య కూర్చునే చోటు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా ఖాళీ రేకు తప్ప ఏమీ లేదు. మామయ్య ఇక్కడ కూర్చుని నీళ్లని చూసేవాడనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. నీళ్లకి అడ్డంగా తనే ఉండేవాడు కదా. ఆయన చూసింది తననే. ముందు సీటులో మనిషి లేకపోతే ఆయన అసలు చెరువుకే వెళ్లేవాడు కాదు.

అప్పుడు వానలో విన్న మాట గుర్తొచ్చింది. ‘అయితే ఒకసారి చూడాలి.’ దాని వెనకే తను అన్న మాటా గుర్తొచ్చింది. నాలుక కరుచుకున్నాడు.

పలక కొనే దారి లేదు. ఇంట్లోకి వెళ్లి చుట్టూ చూశాడు. వంటింట్లో అన్నం తినే బల్ల ఉంది. మంచి గట్టి చెక్క. మామయ్య పోయాక దాని మీద అతను ఒక్కసారి కూడా తినలేదు. గిన్నెలోనే కలుపుకుని, నిలబడే తినేసేవాడు. బల్లని పెరట్లోకి లాక్కొచ్చి రంపం తీశాడు.

ముందు సీటు బిగించాక, పడవ కారుతుందేమో చూడ్డానికి గొట్టం పెట్టి లోపలంతా నీళ్లు నింపాడు. ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ లోపమన్నమాట. మొత్తం పడవకి ఒకే ఒక్క చోట బొట్టు బొట్టుగా కారుతోంది. సరిగ్గా ముందు సీటు కింద.

మామూలుగా అయితే ఏడుపు రావాలి. అతనికి నవ్వొచ్చింది.

*

నీళ్లు తోడేసి, పడవని పక్కకి వాల్చి గోడకి ఆనించాడు. కారుతున్న రివెట్ పెరికేసి, కొత్తది దూర్చి ఉంచాడు. ఆమె డ్యూటీ దిగి మేడ మెట్లెక్కడం చూశాడు. ఆగాడు. తర్వాత ఇనుప దిమ్మ తీసుకుని రేకు మీద కొట్టాడు. మూడు దెబ్బలు.

పాడైంది. పెరికి మళ్లీ మొదలుపెడదాం.

ఏ చప్పుడూ లేదు. దూది పెట్టుకుందేమో అనుకున్నాడు. మళ్లీ మూడు కొట్టాడు. పక్కింటి కిటికీలో ఇంటావిడ తల కనబడింది గానీ, మేడ మీది తలుపు తెరుచుకోలేదు. మూడోసారి దిమ్మ ఎత్తేసరికి, పెరటి గుమ్మం దగ్గర నుంచి మాట వినబడింది.

"వినబడింది. మెట్ల మీంచే దిగొచ్చాను. చెవుల్లో దూది లేదు."

"నిద్ర చెడగొట్టానాండీ?"

"చెడగొట్టడానికి ఉండాలిగా. ఈ సుత్తి గోల ఆగినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు." మొహం ముడుచుకునే చెయ్యి చాపింది. "దిమ్మ ఇవ్వండి. ఒక్క రివెటేగా."

పడవ లోపలి వైపు వెళ్లింది. ఇద్దరి మధ్యా రేకు. లోపల అడుగుల చప్పుడు ఆగిపోయింది. ముందు సీటు చూసిందని అతనికి తెలిసింది. మనిషి కనబడకపోవడం వల్ల కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ సీటు మీ కోసమే వేశానండి."

లోపల నుంచి ఒక దెబ్బ వినబడింది. ఒక్కటే. చాల్లేదు, ఇంకా కొట్టు.

"నోరు జారానండి. ఒక్కడినే అనడం అలవాటైపోయింది. మిమ్మల్ని వద్దనుకుని అన్న మాట కాదది."

ఒక దెబ్బ.

"మీరు రాకపోయేసరికి మనసు మనసులో లేదు. నిన్న షాపులో ఒకాయనకి కుడికంటి అద్దం ఎడమవైపు బిగించి ఇచ్చాను. ఆయన గుమ్మం అనుకుని గోడలోకి నడిచాడు."

నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. తర్వాత మళ్లీ ఒకే దెబ్బ.

"ఇంకేం చెప్పమంటారండీ?"

ఒక దెబ్బ. ఈసారి కాస్త గట్టిగా.

అతను సుత్తి కింద పెట్టి, రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

"మీరంటే నాకు ఇష్టం. పడవ పని అయిపోయినా మీరు రావాలి. ఈ పెరట్లోకే కాదు, ఇంట్లోకి కూడా. ఒంటరిగా ఉండి ఉండి విసుగొచ్చిందండి. కొట్టుకెళ్తే రెండు ఇవ్వమని అడగాలని ఉంది."

ఒక దెబ్బ పడింది. కాస్త ఆగి, రెండోది పడింది.

మూడోది పడుతుందేమోనని రేకుకి చెవి ఆనించి వింటూ ఉండిపోయాడు. పడలేదు. పక్కింటి కిటికీలోంచి మాత్రం, "అయితే గదికి మనుషుల్ని వెతకనా, మాననా?" అని ఇంటావిడ గొంతు వినబడింది.

"కొట్టండి మరి," అంది ఆమె రేకు అవతల నుంచి. "నేను పట్టుకునే ఉన్నాను."

అతను సుత్తి ఎత్తాడు. రివెట్ తల మసకగా కనబడింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అయినా మసకగానే ఉంది.