కేకు కింద కాగితం

"నా పిల్లని కోసేశావా, అమ్మాయ్...! నా బంగారుతల్లిని కత్తెరతో ముక్కలు ముక్కలు చేసేశావా!"

ఆ అరుపుకి కోడలి చేతిలోని గిన్నె జారిపోయి, కలుపుతున్న పిండంతా నేలపాలైంది. వెనక్కి తిరిగి చూస్తే ఏముంది! అత్తగారు గది మధ్యలో చతికిలబడి ఉంది. ఒళ్ళో చెత్తబుట్ట. అందులోంచి గోధుమరంగు కాగితం ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి గుండెకి హత్తుకుంటోంది. కాపురానికొచ్చి అయిదేళ్ళయింది. ఈ అయిదేళ్ళలో ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం కోడలు ఒక్కసారి కూడా విని ఎరగదు. అలాంటి మనిషి ఇవాళ ఇలా గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చేయాలో పాలుపోలేదు.

"ఏమైంది అత్తయ్యా? అవి... అవి పాత కాగితాలే కదా!"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో! కానీ పాపం, ఆమెకి మాత్రం ఏం తెలుసు?

ఆ గది ముప్పై ఏళ్ళ పైచిలుకు అత్తగారి కుట్టుగది. వీధివీధంతా ఆవిడని టైలరమ్మ అనే పిలుస్తారు. ఈమధ్య చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయాక, ఒకరోజు తనంతట తనే కోడల్ని పిలిచింది. "అమ్మాయ్, వంటింటి మూల ఆ ఇరుకులో ఎన్నాళ్ళు అవస్థ పడతావు? కేకులు చేసుకోడానికి ఈ గది తీసుకో. గాలీ వెలుతురూ బాగా వస్తాయి" అంది. ఏ అత్తగారంటుంది చెప్పండి, అంత మాట! కరెంటు పని చేసే భర్త ఓ సెలవురోజు కూర్చుని ఓవెన్‌కి విడిగా లైను లాగాడు. బట్టలు కత్తిరించే బల్ల పిండి పిసికే బల్ల అయింది. దారపు కండెల అరల్లో చక్కెర డబ్బాలూ, రంగుల సీసాలూ చేరాయి. కిటికీ పక్కనున్న కుట్టుమిషన్ని మాత్రం కోడలు అంగుళం కూడా జరపనివ్వలేదు. "అది మీ చోటు అత్తయ్యా!" అంది. అంత సఖ్యతగా మొదలైన గది అది...!

నిన్న సాయంత్రం ఏమైందంటే, మొట్టమొదటిసారి ఆమెని ఒకేసారి ఆరు కేకులు చెయ్యమని అడిగారు. స్కూలుకి మూడు, నర్సుల హాస్టలుకి రెండు, పళ్ళ డాక్టరు క్లినిక్కి ఒకటి. తీరా మొదలుపెట్టబోతే టిన్నుల అడుగున పరిచే కాగితం అయిపోయింది. కాగితం లేకుండా పోస్తే కేకు టిన్నుకి అంటుకుపోతుంది, తీసేటప్పుడు విరుగుతుంది. ఏం చెయ్యాలిరా భగవంతుడా అని తల పట్టుకుంటే, టీ తాగుతున్న భర్త, "అటక మీద అమ్మ కాగితాలు బోలెడున్నాయిగా. అంతా చెత్తే. వాడేసుకో!" అన్నాడు.

అటకెక్కి చూస్తే నిజంగానే చుట్టలు చుట్టలుగా కాగితాలు! గౌనులకీ, చొక్కాలకీ కత్తిరించే ముందు గీసుకునే నమూనాలు. అన్నిటి మీదా వేలెడు దుమ్ము. ఒక్క చుట్ట మాత్రం పాత దిండు గలేబులో భద్రంగా ఉంది. తినే వస్తువు కింద వేసేది కదా, శుభ్రమైనదే వాడాలని ఏరి కోరి దాన్నే తీసింది. దాని మీద నీలం పెన్సిలు గీతలు కనబడ్డాయి. టైలరు కాగితమన్నాక గీతలుండవా మరి! పళ్ళెం బోర్లించి ఆరు గుండ్రాలు కోసింది. గీతల వైపు కిందికి పెట్టి, పైన వెన్న పట్టించి, పిండి పోసింది. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆరు కేకులూ, దారిలో విరక్కుండా అడుగు కాగితాలతో సహా వెళ్ళిపోయాయి.

"పాత కాగితమా...? అది నా పిచ్చుకమ్మా!" అంది అత్తగారు.

పిచ్చుక! ఆ పేరు ఈ ఇంట్లో ఒకే ఒక్కసారి వింది కోడలు. పెళ్ళయిన కొత్తలో భర్త చెప్పాడు. తను పుట్టకముందే ఓ అక్క ఉండేదట, ఆరేళ్ళకే పోయిందట. అమ్మ దగ్గర ఆ ఊసు ఎత్తొద్దన్నాడు. ఎవరూ ఎత్తలేదు. అత్తగారు అసలే ఎత్తలేదు.

"టేపు పెడితే చాలు, చక్కిలిగింతలని ఒకటే గెంతులు! కొలతలు తీసుకోనిస్తేనా? అందుకని ఇదిగో, ఇక్కడే, ఈ గదిలోనే కాగితం పరిచి దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాను. 'కదలకే, కదలకే' అంటూ చుట్టూ పెన్సిలుతో గీశాను. కొత్త గౌను కుట్టి ఫొటో తీయిద్దామనుకున్నా... గౌను కత్తిరించకముందే జ్వరం తగులుకుంది. నాలుగు రోజులు. అంతే...! ఫొటో లేదు అమ్మాయ్. ఒక్క ఫొటో కూడా లేదు! పిల్ల ఇంతుండేది అని చెప్పుకోడానికి నాకు మిగిలింది ఆ గీత ఒక్కటే!"

అప్పుడే భర్త పరుగున వచ్చాడు. సంగతి అర్థమయ్యేసరికి అతని మొహం పాలిపోయింది. తల్లి ఏడుపు చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. ఆ తరవాత ఆ మనిషి నోటినుంచి వచ్చిన మాట వినండి! "అమ్మని ఒక్క మాట అడగకుండా ఎలా కోశావు? బుద్ధుందా అసలు?"

కోడలు తెల్లబోయింది. 'వాడేసుకో అన్నది మీరేగా!' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను చూపు తిప్పేసుకున్నాడు. అంటే తెలిసే అంటున్నాడన్నమాట! ఒళ్ళు మండిపోయింది. కానీ అత్తగారి వైపు చూసింది. ఒక బిడ్డ పోయి, ఆ బిడ్డ గీత కూడా పోయిన తల్లి... మిగిలిన ఒక్క కొడుకునీ ఇప్పుడు ఆవిడ కళ్ళ ముందు దోషిగా నిలబెట్టాలా? పళ్ళ బిగువున మాట మింగేసింది.

అత్తగారు కళ్ళు తుడుచుకుని లేచింది. "నాలుగింటి బస్సుకి చెల్లెలి దగ్గరికి పోతాను. ఇంక అక్కడే ఉంటాను. ఆ ఓవెన్ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఈ ఇంట్లో నేనుండలేను."

"అత్తయ్యా, నాలుగింటిదాకా ఆగండి! మీ కాళ్ళు పట్టుకుంటాను... బస్సెక్కొద్దు!" అంటూనే కోడలు ఏప్రనైనా విప్పకుండా చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిన పడింది.

ముందు క్లినిక్. కేకు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. "కేకు మీరే ఉంచుకోండి, నాకు దాని కింద కాగితం కావాలి" అంటే రిసెప్షన్ పిల్ల అనుమానంగా చూసింది. "ఏం పడిందండీ అందులో?" అని అడిగింది. వరసలో కూర్చున్న రోగులందరూ తలలెత్తారు. కోడలికి తల కొట్టేసినట్టయింది. కేకులో ఏదో పడిందట అన్న పుకారు ఒక్కటి చాలదూ, రేపట్నుంచి ఆమె చేతి కేకు ఎవరూ ముట్టుకోకుండా ఉండటానికి! ఏదో ఒక అబద్ధం ఆడి తప్పుకోవచ్చు. కానీ ఆడలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. దవడ వాచిన పెద్దాయన ఒకడు మాట రాక చేత్తోనే "ఇచ్చెయ్యమ్మా, ఇచ్చెయ్" అని సైగ చేశాడు. కాగితం మీద ఒక చిన్న పాదం గీత ఉంది. దాన్ని చూడగానే ఆమె దుఃఖం కట్టలు తెంచుకుంది. రాత్రి పిండి పోసింది ఈ బుల్లి పాదం మీదా...!

నర్సుల హాస్టల్లో కేకులు కోసేశారు. కాగితాలు మాత్రం పళ్ళేలకే అంటుకుని ఉన్నాయి. పెద్ద నర్సు సంగతి విని, నీళ్ళలో దూది ముంచి ఒక్కో ముక్క మీదా అంటిన క్రీము తుడిచి ఇచ్చింది. "మీ అత్తగారికి చెప్పమ్మా, చాలా జాగ్రత్తగా తుడిచామని" అంది.

స్కూలుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టీచర్ల గదిలో రెండు కాగితాలు దొరికాయి. మూడోది లేదు. ఊడ్చే ఆయా పెరటివైపు చూపించింది. అక్కడ చెత్తకుప్ప కాలి పొగలు కక్కుతోంది. "ఇప్పుడే అంటించానే తల్లీ! ఒక్క పావుగంట ముందు రాకూడదూ!" అని ఆయా కూడా కర్ర తీసుకుని బూడిదంతా కెలికింది. ఇద్దరి చేతులూ నల్లబడ్డాయి గానీ, కాగితం ముక్కైనా మిగల్లేదు.

ఇల్లు చేరేసరికి మూడున్నర. గుమ్మం పక్కన అత్తగారి సంచీ సర్ది ఉంది. గదిలోకి అడుగుపెట్టి కోడలు అలాగే నిలబడిపోయింది. చెత్తబుట్టలోని ముక్కలన్నీ నేల మీద పొందికగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ఆరు గుండ్రటి ఖాళీలు. అత్తగారు పక్కనే కూర్చుని వాటినే చూస్తోంది. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, తెచ్చిన అయిదింటినీ ఒక్కొక్కటే ఆ ఖాళీల్లో అమర్చింది. రెండు పాదాలు వచ్చాయి. గుండ్రటి తల వచ్చింది. ఎడమ చంక దగ్గర గీత వంకరటింకరగా పోయింది.

"ఇదిగో... ఇక్కడే నవ్వింది!" అత్తగారు దాన్ని వేలితో తడిమింది. "ఎంత కదలకే అన్నా వినలేదు..."

"ఒకటి దొరకలేదు అత్తయ్యా. కుడి చెయ్యి... కాలిపోయింది. నన్ను తిట్టండి, కొట్టండి. నేను ఓవెన్ తీసేస్తాను, గది ఖాళీ చేసేస్తాను. మీరు మాత్రం వెళ్ళకండి!"

"తనని ఏమీ అనకమ్మా." గుమ్మంలోంచి భర్త గొంతు వినబడింది. మగాడు, ముప్పై ఏళ్ళు దాటినవాడు, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. "కాగితాలు వాడుకోమంది నేనే. చెత్త అన్నదీ నేనే. పొద్దున్న నీ మొహం చూసి భయమేసి ఆ తప్పు తన మీదకి తోసేశాను. అయినా తను నోరు మెదపలేదు..."

అత్తగారు కొడుకుని చూసింది. కోడల్ని చూసింది. మసి పట్టిన ఆ చేతుల్ని, చెమటకి ఒంటికి అంటుకుపోయిన ఆ ఏప్రన్నీ చాలాసేపు చూసింది. "అసలు తప్పు నాదిరా" అంది మెల్లగా. "నేనైనా నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. మీకేం తెలుసు? నేను చెబితే కదా తెలిసేది!"

అంటూ ఒక గుండ్రాన్ని తీసి వెలుతురుకి పట్టింది. పట్టిన చెయ్యి పట్టినట్టే ఆగిపోయింది.

"అమ్మాయ్... ఇటు చూడు. వెన్న పట్టి కాగితం పలచబడింది. గీత అటునించి ఇటు కనబడుతోంది! దీన్ని ఇంకో కాగితం మీదకి ఎత్తుకుందామని ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నా. మందం కాగితం, వెలుతురు పోదు. గుర్తులు పెట్టే చక్రం తిప్పితే చిల్లులు పడతాయి. నా పిల్లకి చిల్లులు పొడవడానికి చేతులు రాలేదు..." ఆవిడ చప్పున లేచింది. "ఆ వెన్న ఇలా తే!"

మిగిలిన ముక్కలన్నిటికీ అత్తగారే స్వయంగా వెన్న రాసింది. ముగ్గురూ కలిసి వాటిని మిషను పక్కనున్న పొడుగాటి కిటికీ అద్దానికి అతికించారు. నాలుగింటి ఎండ వాటిలోంచి పడి, గదిలో ఓ ఆరేళ్ళ పిల్ల చేతులు చాపుకుని నిలబడింది! కొడుకు తొలిసారి తన అక్కని చూశాడు. అటు వీధిలో బస్సు హారను మోగింది. ఎవరూ తల తిప్పలేదు.

అత్తగారు మిషను సొరుగులోంచి పలచటి తెల్లకాగితం తీసి, పైన పరిచి, చూపు ఆనకపోయినా తడుముకుంటూ నీలం పెన్సిలుతో గీత ఎత్తడం మొదలుపెట్టింది. తల, భుజాలు, వంకరటింకర చంక, పాదాలు... కుడి మణికట్టు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగింది. అక్కడ కాగితం లేదు. ఉత్త ఎండ.

"ఆ చెయ్యి ఎలా ఉండేదో గుర్తుందా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ఆరేళ్ళప్పటిది ఎందుకు గుర్తులేదు...!" అత్తగారు పక్కకి చెయ్యి చాపి కోడలి చెయ్యి అందుకుంది. మసిని తన బట్టకే తుడిచి, ఆ చేతిని తెచ్చి, అద్దం మీద ఆ ఖాళీలో పెట్టింది. "ఇప్పుడుంటే నీకంటే పదేళ్ళు పెద్దది. చెయ్యి ఇంత ఉండేది."

"అత్తయ్యా...!" అంది కోడలు.

చిన్నారి మణికట్టుకి అంటుకుని, వేళ్ళు విప్పార్చిన పెద్ద చెయ్యి. దాని చుట్టూ పెన్సిలు మెల్లగా నడిచింది. బొటనవేలు దాటి, చూపుడువేలు దాటి, వేళ్ళ సందులోకి వచ్చేసరికి కోడలికి చక్కిలిగింత పుట్టింది. ఆపుకుందామనుకుంది గానీ, కన్నీళ్ళతోపాటే నవ్వు కూడా తన్నుకొచ్చింది. చెయ్యి అదిరింది. గీత వంకర పోయింది.

అయిదేళ్ళుగా ఆమెని అమ్మాయ్ అని తప్ప మరోలా పిలవని అత్తగారు, కళ్ళు తుడుచుకోకుండానే, పెన్సిలు ఆపకుండానే గదమాయించింది.

"కదలకే!"