మూడో నెంబర్ మనిషి

పుల్లన్న శవం గుండ్లవంక వాగు గట్టు మీద బోర్లా పడి ఉంది. 2004 ఏప్రిల్. ఉదయం 6.20. ఊరంతా విన్నది ఒక్క బాంబు చప్పుడే.

పోలింగుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి మెహబూబున్నీసా జమ్మలమడుగు స్టేషన్ మెట్లెక్కేసరికి కేసు సగానికి పైగా తేలిపోయినట్టే ఉంది. ఆమె ప్రొద్దుటూరు కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. మనిషి దాడికి దిగే అవకాశం వందకు ఎంతో చెప్పే కంప్యూటర్ లెక్కను పోలీసులకు చేసిపెట్టింది ఆమే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల స్టేషన్ల పాత రికార్డుల్లోని 612 మంది వివరాలతో కట్టిన లెక్క అది.

"సంతకం పెట్టండి మేడం. అయిదింటికి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి," అన్నాడు సీఐ సుదర్శనం.

కాగితం మీద ఒకే పేరు. యల్లయ్య, గొర్రెల కాపరి. ఎదురుగా 74.

"సాక్షి కూడా ఉన్నాడు. ఎర్రన్న, చనిపోయిన పుల్లన్న వర్గమే. కళ్ళారా చూశాడు. మీ లెక్కా, అతని మాటా ఒక్కటే."

కాగితం పట్టుకుని ఆమె వరండాలోకి వచ్చింది. అక్కడ రామసుబ్బమ్మ కూర్చుని ఉంది. యల్లయ్య భార్య. మెహబూబున్నీసాను చూడగానే లేచి చేతులు పట్టుకుంది.

"ఊళ్ళో అందరికీ తెల్సిపాయె తల్లీ. పుల్లన్న మనుషులు మా కొట్టం కాడికి వచ్చిపోయినారు. మా ఆయన జైలుకు పోతే తెల్లారేసరికి మాకు కొట్టమూ ఉండదు, గొర్రెలూ ఉండవు."

మెహబూబున్నీసా సంతకం పెట్టకుండా లోపలికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది.

వర్గం అనే గడి తెరిచింది. పుల్లన్న ఉన్న పార్టీ వర్గానికి 1. ఎదుటి వర్గానికి 2. ఏ వర్గంలోనూ లేనివాళ్ళకు 3. యల్లయ్య 3.

ఆమె కుర్చీ సీఐ వైపు తిప్పింది.

"సార్, తప్పు నాది. ఈ ఒకటి, రెండు, మూడు అంకెలు కావు. పేర్లు. ఆ సంగతి కంప్యూటరుకు నేను చెప్పలేదు. అది నిజం అంకెలనుకుంది. ఒకటో వర్గం కన్నా రెండో వర్గం మీద దాడి కేసులు ఎక్కువ. ఒకటి నుంచి రెండుకు ఎంత పెరిగిందో, రెండు నుంచి మూడుకూ అంత పెరగాలని లాగేసింది. ఏ గొడవల్లోనూ లేని మనిషిని అందరికంటే పైన కూర్చోబెట్టింది."

"ఇప్పుడేం చేస్తారు?"

"విడివిడి గడులు పెడతాను. రెండో వర్గమా? అవును, కాదు. మూడా? అవును, కాదు. రెండింటికీ కాదు అని వస్తే ఒకటో వర్గం."

3.40కి కొత్త పట్టిక వచ్చింది. యల్లయ్య ఎదురుగా 6.

సుదర్శనం పట్టిక మీద వేలు పెట్టాడు. "రెండుకో వరుస ఉంది, మూడుకో వరుస ఉంది. ఒకటో వర్గానికి వరుసే లేదు. అంటే వాళ్ళ మీద అనుమానం లేదనేగా?"

"అందరూ అక్కడే పొరబడతారు సార్. మిగతావాళ్ళను కొలిచేది వాళ్ళతో పోల్చే. అందుకే వాళ్ళకు వేరే వరుస ఉండదు. వాళ్ళకూ వందకు ఇరవై అయిదు ఉంది. మీరు ఆ వైపు చూడనే లేదు."

"సొంత వర్గపోణ్ణి ఎవడు చంపుతాడు మేడం?"

ఆమె హెడ్ కానిస్టేబుల్ నబీ రసూల్ వైపు తిరిగింది. ఈ ఊరివాళ్ళ వర్గాలు రాసి తెచ్చింది ఆయనే.

"ఎవరిది ఏ వర్గమో మీకెలా తెలిసింది?"

"టీ తాగేదాన్ని బట్టి మేడం. ఒకటో వర్గం వెంకటమ్మ హోటల్లో, రెండో వర్గం మౌలాలి హోటల్లో. పదకొండేండ్లుగా ఈళ్ళు ఆడికి పోరు, ఆళ్ళు ఈడికి రారు. ఆ వీధిలో అడుగే పెట్టరు. పోయిన నెల నాలుగు దినాలు రెండుచోట్లా కూచోని రాసుకున్యా. యల్లయ్య రెండిటికీ రాడు. గొర్రెల కాడే పాలు కాంచుకుంటాడు."

మెహబూబున్నీసా ఎర్రన్న వాంగ్మూలం తీసింది. ఉదయం 8.40కి రాసింది. ఒక వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. నబీ రసూల్‌కు చూపించింది. ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

"సార్, ఎర్రన్నను పిలిపించండి. లాకప్పులోంచి యల్లయ్యను కూడా."

4.15. ఎర్రన్న తెల్ల చొక్కాలో వచ్చి దర్జాగా నిలబడ్డాడు. యల్లయ్య గోడవారన ఒదిగి కూర్చున్నాడు.

"పొద్దున ఆరూ ఇరవైకి యాడుంటివి ఎర్రన్నా?" నబీ రసూల్ అడిగాడు.

"చెప్పినా గదప్పా. మౌలాలి హోటల్లో."

"మీ వాళ్ళు పోరు గదా ఆడికి?"

"వెంకటమ్మ ఇంకా పొయ్యి ముట్టియ్యలే. టీకి నాలిక పీకుతాండె. పోయినా."

"యాడ కూచున్యావు?"

"వంక పక్క కిటికీ కాడ, బెంచీ మీద."

"కిటికీలోంచి చూస్తివా?"

"చూస్తి. యల్లయ్య రెండు బాంబులేసె. ఒకటి వంకలో పడిపాయె. రెండోది పుల్లన్నకు తగిలె."

"ఎర్రన్నా," అంది మెహబూబున్నీసా. "ఆ కిటికీ ఇప్పుడు లేదు."

"ఏంది?"

"నిరుడు ఉగాదికే మౌలాలి రాళ్ళతో కట్టేసినాడు, బాంబులకు భయపడి," అన్నాడు నబీ రసూల్. "ఆ గోడకు ఆనుకునే నేను నాలుగు దినాలు కూచున్యా. నువ్వా హోటల్లో కూచోని పదకొండేండ్లయింది. నీకు గుర్తుండేది అప్పటి కిటికీ."

ఎర్రన్న తలుపు వైపు చూశాడు.

సుదర్శనం కుర్చీలోంచి లేచాడు. "ఊరంతా విన్నది ఒక్క చప్పుడు. పేలని ఇంకో బాంబు వంక బురదలో దొరికింది మధ్యాహ్నం ఒకటిన్నరకి. నువ్వు దాన్ని 8.40కే చెప్పావు. గట్టు మీద లేనివాడికి అది ఎలా తెలుస్తుందిరా?"

ఎర్రన్న గోడకు చేరగిలబడ్డాడు.

"పదకొండేండ్లు ముందు నిలబడింది నేను. దెబ్బలు తిన్నది నేను. వచ్చే సర్పంచి సీటు మటుకు పుల్లన్నకంట!"

"యల్లయ్య పేరెందుకు చెప్పావు?" అడిగాడు సీఐ.

"ఆయప్ప తరపున అడిగేటోళ్ళు ఎవరుండారు?"

ఆ మాటకు మెహబూబున్నీసాకు సిగ్గేసింది. తన లెక్క కూడా సరిగ్గా అలాంటి మనిషినే పట్టుకుంది మరి.

4.50కి యల్లయ్యను వదిలేశారు. జీపులో ఇద్దరు కానిస్టేబుళ్ళను తోడిచ్చి, అసలు హంతకుడెవరో ఊళ్ళో టముకు వేయించమన్నాడు సీఐ. రామసుబ్బమ్మ మొగుడి చెయ్యి వదలకుండా మెట్లు దిగింది.

మెహబూబున్నీసా వెనకాలే వెళ్ళింది. "నా వల్ల పొరపాటు జరిగింది యల్లయ్యా. డెబ్బై నాలుగు అని వచ్చింది. సరిచేశాను. ఇప్పుడు నీకు ఆరే."

యల్లయ్య జీపు పక్కన ఆగాడు.

"ఏ జోలికీ పోనోనికి ఆ ఆరు మటుకు యాడిదమ్మా?"

రికార్డుల్లో ఉన్న పదిహేడు మంది మూడో నెంబరు వాళ్ళలో ఎప్పుడో ఒకడు కత్తి పట్టాడు. ఆ ఒక్కడి వల్ల వచ్చిన ఆరు అది. ఆ సంగతి ఈ మనిషికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"గొర్రెలు పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదమ్మా. పోతాండా," అని యల్లయ్య జీపెక్కాడు.