ముట్టనియ్యని కాలు

1994 జూన్ 10, శుక్రవారం. పొద్దున ఏడూ పది.

కల్వకుర్తి పోలీస్ స్టేషన్‌కు కబురొచ్చింది. హమీద్ పాస్‌పోర్టు పోయింది.

ఎస్సై ఎల్లస్వామి జీపెక్కాడు. కందులూ పల్లీలూ తూచే ఇంట్లో పుట్టినవాడు. ఏ కేసైనా ముందు ఒకటే చూసుకుంటాడు. దీంట్లో లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

నష్టం తేలిగ్గానే తెలిసింది.

హమీద్‌కు పదిహేడేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఎడమ పిడికిలి విచ్చుకోదు. ఎడమ కాలు ఈడ్చి నడుస్తాడు. మాట ఆగి ఆగి వస్తుంది. కానీ కుడికాలికి బంతి దొరికితే ఇక వదలడు. అలాంటి పిల్లలకే హాలండ్‌లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ. పద్దెనిమిది నిండితే ఆడనివ్వరు. హమీద్‌కు ఆగస్టులో నిండుతాయి.

"వ్యాను ఎన్నింటికి?"

"పదకొండుకు సార్," అన్నాడు డ్రిల్లు సారు చెన్నయ్య. హమీద్‌కు ఆట నేర్పింది ఆయనే. "రేపు రాత్రి బొంబాయిల విమానం."

"కొత్త పాస్‌పోర్టు తీస్తే?"

"ఎంత ఉరికినా వారమైతది. వీసా గూడ దాంట్లనే ఉండె."

ఇల్లు ఒకటే గది. మూలన ఇనుప సందూక. దాని పక్కన హమీద్ నాయనమ్మ లాల్ బీ. తల్లి కాన్పులోనే పోతే, బొంతలు కుట్టి మనుమణ్ణి పెంచింది.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది అవ్వా?"

"నా కొంగుకే సారూ. పొద్దుగాల ఆరింటికి పోరడు తీస్కున్నడు, సామాన్ల సర్దుకుంటనని. తీసి చూస్తే లేదు."

"నిన్న ఇంటికి ఎవరొచ్చిండ్రు?"

"ఎవ్వరు రాలే. జుమ్మెరాత్, బేస్తారం గదా, నేనే దర్గాకు పోయొచ్చిన."

"ఏం మొక్కినవ్?"

"మొక్కు తీరెదాంక నోటితోని చెప్తరా? మీ అమ్మ నీకు గిది గూడ చెప్పలేదా?"

చెన్నయ్య నవ్వు ఆపుకున్నాడు. ఎల్లస్వామి తలొంచుకుని రాసుకున్నాడు.

"ఎవడు తీసిండో గాని వాని చెయ్యి పడిపోను!" అంది లాల్ బీ. "పోరడు చాయ్ తాగలే. రోజు నూనె రుద్దే కాలు, ఇయ్యాల ముట్టనియ్యలే."

ఈ చివరి మాట ఎల్లస్వామి రాసుకోలేదు.

సందూక చూశాడు. తాళం పగలలేదు. వెండి కడియాలు ఉన్నచోటే ఉన్నాయి. అడుగున పరిచిన పాత పేపరు మీద అరచేతంత పసుపు మరక. ఇంకా తడి. అంచున నీలం గీత. వాసన చూశాడు. గంధం.

హమీద్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు, మోకాళ్లదాకా సాక్సు. వీధి చూస్తున్నాడు.

ఎనిమిదీ ఇరవైకి కురుమయ్య వచ్చాడు. వెంట కొడుకు సైదులు. సైదులుకూ అదే జబ్బు. జట్టులో స్టాండ్‌బై, పాస్‌పోర్టూ వీసా సిద్ధం.

"హమీద్ పోకపోతే ఎవరు ఆడతరు?"

"మా సైదులే."

"రాత్రి యాడున్నవ్?"

"అచ్చంపేటల. పొద్దుగాల ఆరున్నర బస్సుకు ఎక్కిన. గిదో టికెట్." కురుమయ్య టికెట్ ఎస్సై చేతిలో పెట్టాడు. "నా కొడుకు ఆడాలనే ఉంటది సార్ నాకు. గట్లని గీ పోరని కడుపు కొడ్తనా? ఇద్దరిదీ ఒకటే కష్టం."

టికెట్ నిజమే. లాభమున్న ఒక్క మనిషీ లెక్కలోంచి పోయాడు. మిగిలింది తాళంచెవి పట్టుకున్న ఇద్దరు. ఇద్దరికీ నష్టమే. లాభం లేని దొంగతనం ఎల్లస్వామి తన సర్వీసులో చూడలేదు.

తొమ్మిదీ నలభై.

లాల్ బీ నూనె వెచ్చబెట్టి గిన్నె తెచ్చింది. అరుగు కింద కూర్చుని ఎడమ కాలు మీద చెయ్యి వెయ్యబోయింది.

హమీద్ కాలు వెనక్కి లాక్కున్నాడు. "ఒద్ద... వ్వా."

ఎల్లస్వామి ఆ కాలునే చూశాడు. ఆటలో దెబ్బ తగలకుండా కట్టే షిన్ గార్డు సాక్సు కింద ఉబ్బి ఉంది. తర్వాత హమీద్‌ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"వ్యానుల కూసోని పోయెటోనికి షిన్ గార్డు ఎందుకు హమీద్?"

హమీద్ తలొంచుకుని సాక్సు ఇంకా పైకి లాక్కున్నాడు.

"సందూకల గంధం వాసనొస్తంది. అవ్వ నిన్న పాస్‌పోర్టు దర్గాకు తీస్కపోయింది. గంధం పూపిచ్చింది, పన్నీరు చల్లిపిచ్చింది, నీ ప్రయాణం మంచిగ కావాలని. తడిదే తెచ్చి సందూకల పెట్టింది. కండ్లకు పొర, ఆమెకు కనవడలే. పొద్దున నువ్వు చూసినవ్. దొంగలు పడ్డరన్నవ్. పదిహేడేండ్ల సంది రుద్దిచ్చుకున్న కాలు ఇయ్యాల ఒక్కనాడు దాచినవ్."

హమీద్ కుడిచేత్తో ఎడమ సాక్సు కిందికి లాగాడు. షిన్ గార్డు కింద పాస్‌పోర్టు. పేజీలు అతుక్కుపోయాయి. సిరాతో రాసిన పేరు నీలంగా కారింది. ఫొటోలో ముఖం ఉండాల్సినచోట గంధం ముద్ద.

"పారేస్తే అయిపోతుండె గదరా. ఎందుకు దాచినవ్?"

"కాలు... వేడికి..." హమీద్ ఊపిరి తీసుకున్నాడు. "ఆరితే... మంచిగైతదేమో... అని."

ఎల్లస్వామి పాస్‌పోర్టు చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు చెప్పొద్దా?"

"అవ్వకు... తెలుస్తది... సార్."

బయట లాల్ బీ దగ్గుతోంది. హమీద్ తలుపు వైపే చూస్తున్నాడు. ఎల్లస్వామి పాస్‌పోర్టును చొక్కాలోపల పెట్టుకున్నాడు.

పదీ ఇరవైకి అందరినీ అరుగు దగ్గరికి పిలిచాడు.

"రాత్రి మీరు పండుకున్నంక బయటి దొంగ మారు తాళంచెవితోని సందూక తీసిండు. ఇంట్లోళ్ల తప్పు లేదు. కురుమయ్యా, నీ మీద అనుమానపడ్డ. తప్పైంది."

"దొరుకుతడా సారూ?" అడిగింది లాల్ బీ.

"చూస్తం అవ్వా."

పదకొండుకు వ్యాను కదిలింది. హమీద్ తన షిన్ గార్డులు తుడిచి సైదులు ఒళ్లో పెట్టాడు. సైదులు వాటిని రెండు చేతులతో పట్టుకుని కళ్లు దించుకున్నాడు. దుమ్ము సర్దుకునేదాకా హమీద్ వీధిలోనే నిలబడ్డాడు.

తర్వాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎడమ బూటు, సాక్సు తీసేశాడు.

"కాలు... రుద్దవ్వా."

లాల్ బీ చల్లారిన నూనె పిక్కకు రాసింది. మడమ నుంచి మోకాలి దాకా, రోజూలాగే. చెయ్యి ఆగింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నీ కాలుకు గంధం వాసన యాడిదిరా?"

జీపు ఎక్కబోతున్న ఎల్లస్వామి ఆగిపోయాడు.

హమీద్ ఒక్కొక్క మాటా కూడదీసుకున్నాడు.

"నీ... చేతులదే... అవ్వా."

ఆ పొద్దున లాల్ బీ మొదటిసారి నవ్వింది.

"అయితే నా మొక్కు యాడికి పోలే బిడ్డా," అంది. ఇంకాస్త నూనె పోసుకుంది.