ఆరో అంతస్తు స్లాబు

ఇంజనీరు పైడిరాజు గేటు దాటేసరికి బడికి వెళ్లే పిల్లలు వరుసగా మెట్లు దిగుతున్నారు. అందరి కాళ్లకూ మెత్తజోళ్లు. ఒక్కరూ గెంతడం లేదు. ఒక చిన్నది ఆఖరి మెట్టు మీంచి దూకబోతే వాళ్లమ్మ జబ్బ పట్టుకుని ఆపి, గోడ మీద వెలుగుతున్న పలక వైపు వేలు చూపించింది. పాప తల దించుకుంది.

పలక మీద అంకె అందరికీ కంఠతా వచ్చు. సాగరఛాయ అపార్టుమెంటు శేషాయువు, అరవై ఏళ్ల పదకొండు నెలలు.

విశాఖ తీరంలో ఉప్పుగాలికి ఏ భవనమైనా లోపల్లోపలే తుప్పు పడుతుంది. పూర్వం మూడేళ్లకోసారి ఒక ఇంజనీరు వచ్చి, స్తంభాలను సుత్తితో తట్టి, లిఫ్టు ఎన్నేళ్లు, నీళ్ల ట్యాంకు ఎన్నేళ్లు, దేనికి ఎప్పుడు మరమ్మతు అని అంచనా రాసిచ్చేవాడు. తర్వాత గోడనాడులు వచ్చాయి. వెంట్రుకంత తీగలు. కాంక్రీటులో పరిస్తే చాలు, ప్రతి అదురునూ వింటాయి. అది ఏ ఇంటిదో, భవనం ఆయుష్షులో ఎన్ని నిమిషాలు తినేసిందో చెబుతాయి. ఇంటింటికీ ఒక దీపం పెట్టారు. అరుగుదల మితిమీరితే అది ఎర్రగా వెలుగుతుంది.

మరమ్మతు ఎప్పుడు చేయించాలో తెలియడానికని కనిపెట్టిన సాధనం అది. సాగరఛాయ వాళ్లు దానికి వేరే ఉపయోగం కనిపెట్టారు. తుప్పు పట్టిన చువ్వను బాగు చేయించడం కంటే పక్కింటి పిల్లల్ని గెంతొద్దనడం సులువు కదా. రోలు నిషేధించారు. ఆరో ఏడు తిరిగేసరికి ఒకరి తలుపు ఒకరు తట్టడం కూడా మానేశారు. ఏది చెప్పుకోవాలన్నా ఫిర్యాదుల తెర ఉంది.

మనిషి అడుగుల వల్ల అరిగేది ఉప్పుగాలి తినేదాంట్లో వెయ్యోవంతు కూడా లేదని పైడిరాజు మొదటి ఏడాది నివేదికలో ఒక వాక్యం రాశాడు. సంఘం ఆ వాక్యం తీసేయమంది. తీసేశాడు. అప్పటి నుంచీ ఏటా వచ్చి సంతకం పెడుతున్నాడు.

సంఘం అధ్యక్షుడు విశ్వేశ్వర పట్నాయక్ ఆఫీసు గదిలో మంచి హుషారుగా ఉన్నాడు.

"రండి రండి పైడిరాజు గారూ. ఈసారి ఉత్తమ గృహం ఎవరిదో తెల్సా? ఆరొందల నాలుగు! మొన్నటి దాకా రోజుకి నలభై నిమిషాలు తినేసేవారండి. ఇప్పుడు సున్నా. నాలుగ్గంటలకి సమావేశం, యోగ్యతాపత్రం మీ చేత్తోనే ఇప్పిస్తాను."

సున్నా అంటే మనిషి మసలని ఇల్లయినా కావాలి, తీగ తెగిపోయి అయినా ఉండాలి. పైడిరాజు ఆ ఇంటి నమోదులు తెరిచాడు. తీగ బాగానే ఉంది. ఫిబ్రవరి పదో తేదీ వరకు మామూలు అడుగులు. పదకొండున ఒక్కసారిగా నాలుగొందల పై చిలుకు దెబ్బలు. ఆ తర్వాత ఏమీ లేదు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఆ రోజు శబ్దం విన్నాడు.

టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు.

ఉదయం తొమ్మిదీ నలభైకి మొదలైంది. పోనుపోను దెబ్బ సన్నగిల్లింది, మధ్య ఎడం పెరిగింది. ఒంటిగంటన్నరకు ఆగిపోయింది.

"ఇదేమిటండీ?" అన్నాడు పైడిరాజు.

"అదాండీ? అది మన సిస్టర్ గారిల్లు. ఎస్తేరు రాణి గారని, నర్సు. మా అందరికీ ఆవిడే సూదులు వేసేవారు. బీరువా ఆవిడ మీద పడిపోయిందటండీ. ఒంటరి మనిషి. పాపం, కాలు తీసేశారు. ఇప్పుడు చక్రాల కుర్చీ. మరి అందుకే కదండీ అరుగుదల లేనిది!"

"ఆ రోజు మీకెవరికీ తెలియలేదా?"

"తెలీకపోవడమేటండీ! కింద అయిదొందల నాలుగో ఇంటి నుంచి ఏడు ఫిర్యాదులొచ్చాయి. వెంటనే నోటీసు పంపించాం. మా సంఘంలో ఆలస్యమన్నది ఉండదు."

పైడిరాజు ఆయన ముఖంలోకి చూశాడు. పట్నాయక్ నిజంగానే గర్వపడుతున్నాడు.

నాలుగింటికి కింది హాలు నిండింది. అధ్యక్షుడు అంకె చదవగానే అందరూ అరచేతులు పైకెత్తి ఊపారు. చప్పట్లు కొడితే అరుగుదల కదా. ఎస్తేరు రాణి కుర్చీని తానే నెట్టుకుంటూ వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉన్న మనిషి. మోకాలి దగ్గర చీర మడిచి పిన్ను పెట్టుకుంది. ఆమె కోసం అందరూ చాలా మర్యాదగా దారి వదిలారు.

పట్నాయక్ యోగ్యతాపత్రం పైడిరాజు చేతిలో పెట్టాడు. పైడిరాజు దాన్ని బల్ల మీద బోర్లా పడేసి, ఫిబ్రవరి పదకొండు శబ్దాన్ని హాలులో వినిపించాడు.

మూడు దెబ్బలు. ఎడం. మూడు దెబ్బలు. జనం కళ్లు నేల మీదికి దిగిపోయాయి. పట్నాయక్ "ఏటండీ ఇది, ఏటండీ" అంటూ లేచాడు గాని ఆపే మీట ఎక్కడుందో ఆయనకు తెలియదు.

"ఫోను అవతలి గదిలో ఉండిపోయింది. చేతికి స్టీలు చెంబు అందింది," అంది ఎస్తేరు రాణి, ఎవరో అడిగినట్టు. "అదేపనిగా కొడితే ఏదో మిషను అనుకుంటారని మూడు కొట్టి ఆగాను. అలాగైతే మనిషని తెలుస్తుంది గదా."

వెనక వరసలోంచి హిమజ లేచింది. అయిదొందల నాలుగు ఆమెదే. చంకలో ఏడాది పిల్ల.

"నేను విన్నానండి," అంది. "పొద్దుట్నించీ విన్నాను. ఏడు సార్లు ఫిర్యాదు పెట్టాను. పెట్టాం కదా, వాళ్లే చూసుకుంటారు అనుకున్నాను. పైకి రావాలని... నిజంగా తోచలేదండి. ఆగిపోయాక హమ్మయ్య అనుకుని పాపని పడుకోబెట్టాను. మీకప్పుడే స్పృహ తప్పింది కాబోలు."

ఎస్తేరు రాణి ఆమె వైపు తిరిగింది.

"స్పృహ తప్పలేదమ్మా. నేనే ఆపేశాను."

హిమజ పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"ఎదురుగా గోడ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఒంటిగంటన్నరయింది, కింద మీ పాప పడుకునే వేళ. నాకు సిగ్గేసింది. ఎంత గోల చేస్తున్నానో అనిపించింది. చెంబు పక్కన పెట్టేశాను." ఎస్తేరు రాణి తన చేతి వేపే చూసుకుంటోంది. "రాత్రి ఎనిమిదికి డ్యూటీకి రాలేదని మా వార్డు పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి తెచ్చినా కాలు దక్కేదన్నారు డాక్టరు గారు. ఇంకో గంట కొట్టే ఓపికుందమ్మా నాకు. నర్సుని, తెలియదా? అయినా ఆపేశాను."

కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.

పైడిరాజు నివేదికలో సంతకం చోటు ఖాళీగా వదిలేసి సంచీ సర్దుకున్నాడు. ఆరేళ్ల కిందట వదలాల్సిన చోటు అది. అలా వదిలినంత మాత్రాన తాను మంచివాడైపోలేదని అతనికి తెలుసు. వారం తిరక్కుండా ఇంకొకాయన వచ్చి సంతకం పెడతాడనీ తెలుసు.

పట్నాయక్ గొంతు సవరించుకున్నాడు. ఇది అందరినీ కలచివేసిన విషయమన్నాడు. ఇలాంటిది మళ్లీ జరక్కూడదన్నాడు. ఇకమీదట ప్రమాదంలో ఉన్న నివాసి తొమ్మిది దెబ్బల వరకు కొట్టుకోవచ్చుననీ, వాటిని అరుగుదల కింద లెక్కించరాదనీ తీర్మానం ప్రతిపాదించాడు. తొమ్మిది ఎక్కువేమోనని ఒకరు సందేహం వెలిబుచ్చారు. చర్చ జరిగింది. ఆరుకు కుదిరింది.

చేతులు లేచాయి. హిమజ చెయ్యి లేవలేదు. ఏకగ్రీవం అని రాసుకున్నారు.