లెక్కకు అందని గ్యాస్

"తొక్కండి సర్! తప్పించుకుంటాడు!"

పొగమంచులో ముందు టెంపో ఎర్రలైటు ఒక్కటే కనిపిస్తోంది. సాయంత్రానికే హర్యానాలోని ఆ మానేసర్ రోడ్డంతా చీకటి.

శరణ్య ఒళ్లో లాప్‌టాప్. స్టీరింగ్ ముందు మేనేజర్ సుధీర్.

వాళ్ల కంపెనీ గ్యాస్ పైపు మొదట్లో, ఎంత గ్యాస్ పోతోందో కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు. చివర, ఫ్యాక్టరీ దగ్గర టర్బైన్ మీటరు. మొదటిది కాస్త ఎక్కువే చూపిస్తోంది.

"రెండు రకాల మీటర్లు. తేడా మామూలేనమ్మా!" వారం నుంచీ సుధీర్ పాట అదే.

కానీ ఇవాళ ఫ్యాక్టరీకి సెలవు. టర్బైన్ ఆగిపోయింది. అల్ట్రాసోనిక్ మాత్రం గ్యాస్ పోతోందనే చూపిస్తోంది!

అంటే... మధ్యలో దొంగ!

పైపు వెంట వెతుక్కుంటూ వస్తే పొదల్లోంచి ఈ టెంపో దూసుకొచ్చింది. వెనక సిలిండర్లు!

"అడ్డం పెట్టండి!"

కీచుమని బ్రేకులు. టెంపో డివైడర్‌ని గుద్దుకుని ఆగుతుంది. సుధీర్ దూకి డ్రైవర్ కాలర్ పట్టుకుంటాడు.

"ఎక్కడికిరా పారిపోతున్నావ్?"

"పారిపోవట్లేదు సాబ్! పెళ్లి టెంట్ దగ్గరికే పోతున్నా! మా చెల్లి పెళ్లి... ఛోడో, వదలండి!"

శరణ్య సిలిండర్లు తట్టి చూస్తుంది. అన్నీ ఖాళీ!

ఫోన్‌లో రీడింగ్ చూస్తుంది. గ్యాస్ ఇంకా పోతూనే ఉంది!

దొంగ ఇక్కడుంటే... మరి గ్యాస్ ఎక్కడికి?

"మీ పైపుకి నేను దొంగతనంగా బిగించిన ట్యాప్ విరిగింది దీదీ! గ్యాసంతా నాలాలోకి... ఆ నాలా పెళ్లి టెంట్ కిందనుంచే పోతుంది! ఫోన్ ఎవరూ ఎత్తట్లేదు!"

శరణ్య కారు వైపు పరిగెడుతుంది.

"వాల్వ్ మూయించండి సర్! వీణ్ణి ఎక్కించండి!"

సుధీర్ కంట్రోల్ రూమ్‌కి అరిచి చెబుతూనే కారు దూకిస్తాడు. "మూసినా... నాలాలో చేరింది ఎక్కడికి పోతుంది శరణ్యా?"

టెంట్. బ్యాండ్ మేళం. గుర్రం మీద పెళ్లికొడుకు.

"ఛీ, నాలా కంపు! ఈ స్థలం ఎవరు బుక్ చేశారు?" ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని ఒక ఆంటీ విసుక్కుంటోంది.

"దూరం పొండి! గ్యాస్! గ్యాస్!" శరణ్య గొంతు చించుకుంటుంది. బ్యాండ్ మోతలో ఎవరికి వినపడుతుంది?

నాలా మూత పక్కనే తలపాగా మనిషి. చేతిలో పిస్తోలు.

"మామా, వద్దు!" డ్రైవర్ పరిగెడతాడు.

"మగపెళ్లివారొస్తే గాల్లో కాల్చకపోతే పరువేం కాను, నవదీప్?"

చెయ్యి పైకి లేస్తుంది.

నవదీప్ ఆ చేతిని కిందకి లాగేస్తాడు. నిప్పురవ్వ బయటికి రాకుండా పిస్తోలు గొట్టాన్ని స్వెటర్‌లో దూర్చుకుని రెండు చేతులతో కడుపుకి అదిమేసుకుంటాడు.

ఢామ్!

నాలాలోంచి మంట రాలేదు. నవదీప్ స్వెటర్ ఎర్రబడుతోంది.

బ్యాండు వాళ్లు ఇంకా వాయిస్తూనే ఉన్నారు.