కిటికీ మూసుకో అమ్మా

ఆదివారం పొద్దున విఘ్నేశ్వర్ కిరాణా కొట్టు షట్టర్ ఎత్తి ఊదుబత్తి వెలిగిస్తుండగా ఫోన్ మోగింది. సంగారెడ్డి బజారులో కొట్టు ముందు, ఇల్లు వెనక. లోపల భార్య దీప్తి ఉప్మాకు ఉల్లిగడ్డలు కోస్తోంది.

ఫోన్ చేసింది తల్లి రుక్మిణమ్మ. తుంటి ఎముక విరిగాక ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆమె లేవలేదు. నడుము ఆపరేషన్ అయిన దీప్తిని బరువులు ఎత్తొద్దన్నారు. అందుకే దసరా తర్వాత తల్లిని ముత్తంగి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో చేర్చారు. దాన్ని నడిపే వెంకటరామయ్య వాళ్ల కులంవాడే. "మనోడే గదా" అనుకుని విఘ్నేశ్వర్ ఆ రోజు అక్కడి వంటగది వైపు తొంగి కూడా చూడలేదు.

"బిడ్డా, ఏదో గాటు వాసనొస్తుందిరా. తల తిరుగుతుంది."

"మందుల కంపెనీల వాసనేనమ్మా. గాలి అటు మళ్లినట్టుంది. కిటికీ మూసుకో."

"వంట చేసే ఆయమ్మ లేదురా..."

"పక్క మంచం రాధమ్మకు చెప్పు, మూస్తది. గిరాకీ వచ్చింది, మళ్ల చేస్త" అని పెట్టేశాడు.

దీప్తి గుమ్మంలోకి వచ్చింది. "అత్తమ్మనా? ఏమన్నది?"

"ఏం లేదు. కంపెనీ వాసనంట."

"కంపెనీ వాసనకు అత్తమ్మ ఫోన్ చేసిందా?" దీప్తి మొహం మారిపోయింది. "గడ్డపోతారంల కొట్టు నడిపిన మనిషి. ఆ వాసనల్లనే మిమ్మల్ని పెంచింది. చుట్టాలు ముక్కు మూసుకుంటే నవ్వేదంట. గట్లాంటిది తల తిరుగుతుందన్నదంటే అది కంపెనీది కాదండి. గ్యాసేమో!"

విఘ్నేశ్వర్ వెంటనే ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. వెంకటరామయ్యకు చేశాడు.

"అమ్మ వాసనొస్తుంది అంటుంది. కంపెనీదేనా?"

"అదే సేటు, ఇంకేముంటది? ఈడ మనకు కొత్తనా? నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి కాడున్న. పోయినంక చూస్త."

పప్పు తూకంలో ఉండగానే గిరాకీని పంపేసి విఘ్నేశ్వర్ షట్టర్ దించాడు. దీప్తిని కారెక్కించుకుని బయల్దేరాడు. హైవే మీద లారీల మధ్య నుంచి పోతూ భయాన్ని ఎవరి మీద దించుకోవాలో తెలియక అన్నాడు, "ఆడ వేద్దామన్నది నువ్వే గదా."

"అన్న. ఆమెను చూసుకునే మనుషులుంటరని అన్న. మీ అమ్మ ఫోన్ చేస్తే వినద్దని అన్ననా?"

దీప్తి ఫోన్ చేస్తూనే ఉంది. అవతల మోగుతూనే ఉంది.

ఆశ్రమం ఇనుప గేటుకు బయట నుంచి తాళం వేసి ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గేటు దగ్గరికి పోగానే గుప్పున కొట్టింది. వంట గ్యాసే. విఘ్నేశ్వర్ బెల్లు మీదికి చెయ్యి చాపాడు. దీప్తి ఆ చేతిని లాగి పడేసింది.

"బెల్లు కొట్టకుర్రి! నిప్పురవ్వ లేస్తే అందరు పోతరు!"

తాళం పగలగొడదామని రాయి ఎత్తబోయి, ఇనుము మీద కొట్టినా రవ్వ లేస్తుందని వదిలేశాడు. ఇద్దరూ పక్క సందులోకి పరుగెత్తారు. కిటికీ అద్దంలోంచి తల్లి కనిపించింది. మంచం మీద వాలిపోయి ఉంది. కింద రాధమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, తల ఒక పక్కకు ఒరిగిపోయింది.

"అమ్మా! అమ్మా, ఇటు చూడు!"

రుక్మిణమ్మ కళ్లు తెరిచింది. చెయ్యి లేపబోయింది, లేవలేదు. విఘ్నేశ్వర్ చొక్కా విప్పి ఇటుకకు చుట్టి అద్దం మీద కొట్టాడు. రెండో దెబ్బకు అది పగిలింది. పక్క గది అద్దం కూడా పగలగొట్టాడు. అక్కడ ఇంకో ఇద్దరు ముసలమ్మలు బిత్తరపోయి చూస్తున్నారు.

అంతలో ఆయమ్మ ఇడ్లీల పొట్లంతో వచ్చి గొల్లుమంది. "సిలిండర్ మార్చి, ఛాయ్ పెట్టిచ్చి టిఫినుకు పోయిన సార్, రెగ్యులేటర్ సరిగ్గ కూసోలేదేమో! వీళ్లు రోడ్డు మీదికి పోతరని వెంకటరామయ్య సారే తాళమెయ్యమన్నడు!"

ఆమె కొంగుకున్న తాళంచెవి దీప్తి గుంజుకుంది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి సిలిండర్ కట్టేసింది. "ఎవ్వరు లైటు వెయ్యకుర్రి!" అని అరుస్తూ తలుపులన్నీ తెరిచింది. విఘ్నేశ్వర్ తల్లిని పసిపిల్లలా రెండు చేతుల్లో ఎత్తుకుని బయటికి తెచ్చాడు. తర్వాత రాధమ్మను. మిగతా ఇద్దరిని ఆయమ్మ, దీప్తి నడిపించుకొచ్చారు. విఘ్నేశ్వర్ రోడ్డు మీదికి పోయి ఫోన్ చేస్తే అంబులెన్స్ వాళ్లు వచ్చి చూసి, ప్రాణాలకు భయం లేదన్నారు.

అంతలో వెంకటరామయ్య నుదుట కుంకుమతో బండి దిగాడు. "ఏం కాలేదు గదా! దేవుడున్నడు."

"తాళమేసి పోయినంక దేవుడెట్ల తీస్తడు?" దీప్తి అతనికి అడ్డంగా నిలబడింది. "నలుగురిల ఒక్కరన్న తలుపు తీసుకోగలుగుతరా? రెండో దారేది? గ్యాస్ లీకైతే తెలిసే మిషన్ ఒక్కటన్న పెట్టినవా?"

"నన్నొక్కణ్నే అంటరేందమ్మా? కంపెనీదేనా అని సేటే అడిగిండు, నేను అవునన్న."

అతని గల్లా పట్టబోయిన విఘ్నేశ్వర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి తల్లి సన్నగా పిలిచింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు.

"కిటికీ తీసే ఉండెరా. నువ్వు మూసుకోమన్నవని రాధమ్మతోని మూయించిన. పక్కగది వాళ్లకు గూడ కేకేసి చెప్పిన. నా కొడుకు చెప్పిండు, మూసుకోర్రి అని."

విఘ్నేశ్వర్ ఆ మట్టిలోనే ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. దీప్తి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంటికి తీస్కపోదాం. లేపనీకె పొద్దుగాల, సందేళ ఒక మనిషిని పెట్టుకుందాం. మిగతాది నేను చూసుకుంట."

"నేను రాను" అంది రుక్మిణమ్మ. "రాధమ్మను ఈడ ఇడిసిపెట్టి నేనెట్లొస్త?"

విఘ్నేశ్వర్ రాధమ్మ కొడుక్కి ఫోన్ చేశాడు. కంపెనీలో డ్యూటీలో ఉన్నానని అతను నసిగాడు. "మీ అమ్మ బతికుంది తమ్మీ. అందుకే ఫోన్ చేస్తున్న. జల్దీ రా" అన్నాడు. మిగతా ఇద్దరి ఇళ్లకూ చేశాడు.

వాళ్లు వచ్చేదాకా అందరూ ఎదురుగా ఉన్న లారీల షెడ్డు నీడలో కూర్చున్నారు. పెద్ద హారన్ మోగినప్పుడల్లా రుక్మిణమ్మ ఉలిక్కిపడి కొడుకు చెయ్యి పట్టుకుంటోంది.

"ఇంకా వణుకుతున్నవేందమ్మా?"

"భయమైతుందిరా."

భయపడకు అనబోయి ఆగాడు.

"నాకు గూడ అయితుందమ్మా" అన్నాడు, ఆమెకు ఇంకా దగ్గరగా జరుగుతూ.